కొత్త పొడి దొరికింది సరే, టన్ను ఎవరు చేస్తారు?

ఆరు నిమిషాల్లో 80 శాతం చార్జింగ్, 3000 సార్లకు పైగా చార్జ్ చేసి వాడుకోవచ్చు. 2025లో బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధనా కేంద్రం నుంచి సోడియం అయాన్ బ్యాటరీ గురించి ఈ కబురు వచ్చిన రోజు మా ఇంటి వాట్సాప్ గ్రూపంతా అదే. "ఇక లిథియం కథ కంచికేనా?" అని మా బాబాయి అడిగారు. ఆ పరిశోధన నిజంగా మంచిదే. కణాలని నానో సైజుకి తగ్గించి, పైన పల్చటి కార్బన్ పూత వేసి, కాస్త అల్యూమినియం కలిపి, ఒక ఆనోడ్ పదార్థం, అంటే చార్జ్ చేసినప్పుడు సోడియం వెళ్ళి చేరే కొసలో వాడే పొడి, సోడియాన్ని వేగంగా తీసుకునేలా చేశారు. కానీ ఒక ఆనోడ్ పదార్థం బాగా పనిచేసింది అన్న మాటకీ, ఒక బ్యాటరీ తయారైంది అన్న మాటకీ మధ్య ఎంత దూరం ఉందో వాట్సాప్‌లో రెండు లైన్లలో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను చెన్నైలో, తరమణి వైపు, బ్యాటరీ సెల్స్‌ని పరీక్షించే పనిలో ఉన్నాను. రోజంతా చార్జ్ చేయడం, ఖాళీ చేయడం, మళ్ళీ చార్జ్ చేయడం, అంకెలు చూడటం. అంతకు ముందు కొన్నేళ్ళు ల్యాబులో కాథోడ్ పొడులు చేశాను కాబట్టి రెండు పక్కలా తెలుసు. ఇన్నాళ్ళకి నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే: మన దేశంలో కొత్త ఎలక్ట్రోడ్ పదార్థాలకి కొదవ లేదు. ఆ పదార్థాన్ని కిలోల్లో, తర్వాత టన్నుల్లో, ఈ బస్తాకీ ఆ బస్తాకీ తేడా లేకుండా చేసే పనికీ, చేసినదాన్ని మన ఎండలో నెలల తరబడి పరీక్షించే పనికీ మాత్రం మనుషులు చాలరు, డబ్బు చాలదు, అన్నిటికంటే ముఖ్యంగా మర్యాద లేదు. పేపరు రాసినవాడు సైంటిస్టు, పది కిలోలు చేసినవాడు టెక్నీషియన్. ఈ లెక్క మారాలి.

ముందు విషయం కాస్త చెప్పుకుందాం. లిథియం అయాన్ సెల్‌లో కాథోడ్, ఆనోడ్ అని రెండు ఎలక్ట్రోడ్లు, అంటే రెండు కొసలు, ఉంటాయి. చార్జ్ చేసేటప్పుడు లిథియం కాథోడ్‌లోంచి బయటికొచ్చి ఆనోడ్‌లోకి వెళ్తుంది, వాడేటప్పుడు తిరిగొస్తుంది. స్టాన్లీ విట్టింగ్‌హామ్ 1970ల్లో టైటానియం డైసల్ఫైడ్‌తో ఇది సాధ్యమేనని చూపించాడు, జాన్ గుడ్‌ఇనఫ్ బృందం 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ తెచ్చింది, అకీరా యోషినో 1985లో దానికి కార్బన్ ఆనోడ్ జతచేశాడు, 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది. ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. ఇదంతా చాలామందికి తెలిసిన కథే.

తెలియనిది ఏమిటంటే, పేపర్లలో కనిపించే అంకెలు ఎక్కడ పుడతాయి అన్నది. ఒక కొత్త కాథోడ్ పొడి చేతికొచ్చిందనుకోండి. ఎనభై పాళ్ళ పొడి, కరెంటు నడిపించడానికి పది పాళ్ళ కార్బన్ బ్లాక్ అనే మసి, అంటిపెట్టడానికి పది పాళ్ళ పీవీడీఎఫ్ అనే బైండరు, వీటిని ఎన్‌ఎంపీ అనే ద్రావణంలో కలిపి స్లరీ చేస్తారు. దాని జారుడు సరిగ్గా దోసెల పిండిలా ఉండాలి. పల్చనైతే రేకు మీద పరుచుకుపోయి అంచులు చెదురుతాయి, చిక్కనైతే గీతలు పడతాయి. అల్యూమినియం రేకు మీద పోసి, పూతని సమంగా పరిచే డాక్టర్ బ్లేడు అనే పట్టీతో ఒక్క చేతి విసురులో లాగి, వాక్యూమ్ ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెడతారు. పొద్దున గుండ్రటి బిళ్ళలు కోస్తారు. తర్వాత ఆర్గాన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లో, రబ్బరు తొడుగుల్లోంచి చేతులు పెట్టి, వాచీలో వేసే బిళ్ళంత కాయిన్ సెల్ కడతారు. అవతలి ఎలక్ట్రోడ్‌గా ఒక లిథియం లోహపు బిళ్ళ పెడతారు. దీన్ని హాఫ్ సెల్ అంటాం.

ఇక్కడే అసలు తిరకాసు. ల్యాబుల్లో పూత చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు ఉండటం మామూలే. దాని కింద ఉన్న 15 మైక్రాన్ల అల్యూమినియం రేకు చదరపు సెంటీమీటరుకి 4 మిల్లీగ్రాములు బరువు. అంటే మోసే రేకు, మోయించుకునే పదార్థానికి రెండింతలు. అమ్మకానికి చేసే సెల్‌లో ఈ లెక్క తిరగబడాలి. అక్కడ పూత 15, 20 మిల్లీగ్రాములు, అదీ రేకుకి రెండు పక్కలా. పల్చటి పూతలో లిథియం దూరం నడవక్కర్లేదు కాబట్టి ఎంత వేగంగా చార్జ్ చేసినా బాగానే ఉంటుంది. అదే పొడిని మందంగా పూస్తే సగం మెరుపు పోతుంది. ఇది దాచిపెట్టే మోసమేమీ కాదు, పేపర్లో ప్రయోగ వివరాల భాగంలో ఎక్కడో రాసే ఉంటుంది. వార్త రాసేవాళ్ళు అక్కడిదాకా వెళ్ళరు, అంతే.

రెండోది ఇంకా పెద్దది. హాఫ్ సెల్‌లో వాడే లిథియం బిళ్ళ అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ మందం ఉంటుంది. అందులో చదరపు సెంటీమీటరుకి 90 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) పైనే ఉంది. ఎదురుగా ఉన్న 2 మిల్లీగ్రాముల కాథోడ్‌కి కావలసింది 0.3 ఎంఏహెచ్. దాదాపు 300 రెట్లు అదనపు లిథియం పక్కన పెట్టుకుని ఆడే ఆట అది. ప్రతి సైకిల్‌కీ, అంటే ఒకసారి చార్జ్ చేసి ఖాళీ చేసినప్పుడల్లా, కాస్త లిథియం పాడైపోతున్నా సెల్‌కి తెలియదు, బిళ్ళలోంచి వస్తూనే ఉంటుంది. నిజం సెల్‌లో ఆ సదుపాయం లేదు, కాథోడ్‌లో ఎంత లిథియం ఉంటే అంతే. ఒక సైకిల్‌లో 99.9 శాతం తిరిగొస్తోందంటే వినడానికి ఎంతో బాగుంటుంది. వెయ్యి సైకిళ్ళు గుణించి చూడండి, మిగిలేది 37 శాతం. 99.99 అయితే 90 శాతం మిగులుతుంది. రోజుకొకసారి చార్జ్ చేసే ఆటోకి వెయ్యి సైకిళ్ళంటే మూడేళ్ళు కూడా పూర్తి కావు. మా పని అంతా ఆ చివరి తొమ్మిది కోసమే.

సిలికాన్ సంగతి తీసుకోండి. గ్రాఫైట్ గ్రాముకి 372 ఎంఏహెచ్ లిథియం పట్టుకుంటుంది, సిలికాన్ దాదాపు 3600. "పది రెట్ల బ్యాటరీ" అని హెడ్డింగులు వస్తూనే ఉంటాయి. కానీ బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి కదా. కాథోడ్ గ్రాముకి 170 దగ్గరే ఉండిపోతే, రెండు పొడుల బరువూ కలిపి లెక్క వేస్తే గ్రాఫైట్‌తో గ్రాముకి 117 వస్తుంది, సిలికాన్‌తో 162. పది రెట్లు కాస్తా 40 శాతం లోపు పెరుగుదలగా మిగిలింది. రేకులు, ఎలక్ట్రోలైటు, డబ్బా బరువు కలిపితే అది కూడా తగ్గుతుంది. పైగా సిలికాన్ లిథియం తీసుకున్నప్పుడల్లా మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, మీద ఏర్పడిన రక్షణ పొర పగులుతుంది, కొత్త పొర కట్టుకోవడానికి మళ్ళీ లిథియం ఖర్చవుతుంది. అందుకే అమ్మకంలో ఉన్న సెల్స్‌లో సిలికాన్‌ని గ్రాఫైట్‌లో కొద్ది శాతం మాత్రమే కలుపుతున్నారు. ఆ 40 శాతంలో సగం దక్కినా గొప్ప విషయమే, దానికోసం పని చేస్తున్నవాళ్ళంటే నాకు గౌరవం ఉంది. పది రెట్లు అని చెప్పడం మాత్రం తప్పు.

ఇక నేను చెప్పదలుచుకున్నదానికి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇవాళ మన ఎలక్ట్రిక్ బస్సుల్లో, లిథియంతో నడిచే ఆటోల్లో, ఇళ్ళ లిథియం ఇన్వర్టర్లలో ఉన్నది చాలావరకు ఇదే. దీని వెనక ఉన్న ఆలోచనకి తమిళనాడుతో చుట్టరికం ఉంది. దక్షిణ తమిళనాడులో ఒక పల్లెటూళ్ళో పుట్టి, ఐఐటీ మద్రాసులో పీహెచ్‌డీ చేసిన అరుముగం మంథిరం, 1980ల్లో గుడ్‌ఇనఫ్‌తో కలిసి సల్ఫేట్, మాలిబ్డేట్ లాంటి గుంపులున్న ఇనుప పదార్థాల్లో వోల్టేజి పెరుగుతుందని చూపించాడు. మామూలు ఇనుప ఆక్సైడ్ పనికిరాదు, వోల్టేజి తక్కువ. ఆక్సిజన్‌ని ఇంకో పరమాణువు తన వైపు గట్టిగా లాక్కుంటే ఇనుము దగ్గర వోల్టేజి పెరుగుతుంది. 2019లో స్టాక్‌హోమ్‌లో గుడ్‌ఇనఫ్ తరఫున నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది ఈ మంథిరమే. అదే దారిలో 1997లో టెక్సస్ నుంచి పాధి, నంజుండస్వామి, గుడ్‌ఇనఫ్ ఎల్‌ఎఫ్‌పీ పేపరు వేశారు. మూడు పేర్లలో రెండు మనవే.

మరి 1997లోనే కథ అయిపోయిందా? లేదు. అప్పటి ఎల్‌ఎఫ్‌పీ అంత ఆశ పెట్టుకోదగ్గదిగా లేదు. గ్రాముకి 170 ఎంఏహెచ్ ఇవ్వాల్సినది, చాలా తక్కువ కరెంటు దగ్గర కూడా అందులో మూడింట రెండొంతుల లోపే ఇచ్చింది. విద్యుత్తు దాదాపు ప్రవహించని పదార్థం అది. దానికి కార్బన్ పూత వేయొచ్చని కెనడా వైపు నుంచి మిషెల్ ఆర్మాండ్ వాళ్ళు చూపించారు, కణాల సైజు తగ్గించడం, కొద్దిపాటి వేరే లోహాలు కలపడం మీద అమెరికాలో పని జరిగింది, పేటెంట్ల గొడవలు ఏళ్ళ తరబడి నడిచాయి. చైనా తయారీదార్లు స్వదేశంలో అమ్మేదానికి రాయల్టీ కట్టక్కర్లేదన్న ఏర్పాటు కుదిరింది, వాళ్ళు ఆ సందులో దూరి ఇరవయ్యేళ్ళు అదే పొడిని చేస్తూ పోయారు. కొత్తది ఏమీ కాదు, అదే పొడి. ఇంకాస్త గట్టిగా అదిమితే ఎంత పడుతుంది, ఫర్నేస్‌లో ఇంకో పది డిగ్రీలు తగ్గిస్తే కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది, ఇలాంటి ప్రశ్నలతో. ముఖ్యమైన పేటెంట్లు 2022లో ముగిసేనాటికి ప్రపంచపు ఎల్‌ఎఫ్‌పీ దాదాపు మొత్తం వాళ్ళ చేతిలో ఉంది. 2025 జూలైలో, ఆ పొడి చేసే పరిజ్ఞానాన్ని దేశం దాటించాలంటే లైసెన్సు కావాలని చైనా ప్రభుత్వం నిబంధన పెట్టింది. గమనించండి, ఫార్ములా అందరికీ తెలుసు, ఏ లైబ్రరీలోనైనా దొరుకుతుంది. వాళ్ళు తాళం వేసింది చేసే పద్ధతికి.

ఆ పద్ధతి అంటే ఏమిటో నేను కాస్త దగ్గర నుంచి చూశాను. ల్యాబులో ట్యూబ్ ఫర్నేస్‌లో అయిదు గ్రాములు చేయడం తేలిక. ఐరన్ ఫాస్ఫేట్, లిథియం కార్బొనేట్, కాస్త గ్లూకోజు నూరి, నైట్రోజన్ పంపిస్తూ 700 డిగ్రీల దగ్గర కాలిస్తే నల్లటి పొడి వస్తుంది. పది కిలోలు చేయబోతే అదే ఫర్నేస్ మొరాయిస్తుంది. ట్రేలో పై పొరకి తగిలిన వేడి అడుగుకి తగలదు. ఎక్కడో ఒక సీలు దగ్గర ఆక్సిజన్ లీకైతే, నల్లగా ఉండాల్సిన పొడి ఆ మూలన ఎర్రబారుతుంది. ఇనుము తుప్పు దారి పట్టిందన్నమాట. ఆ మూల పొడిని తీసి పారేయాలా, మొత్తం బ్యాచ్ పారేయాలా? నూరే యంత్రం నుంచి రాలిన స్టీలు రజను పొడిలో కలిస్తే ఇంకా ప్రమాదం. ఆ లోహపు కణం సెల్‌లో కరిగి, ఆనోడ్ మీద పేరుకుని, ముల్లులా పెరిగి లోపల్లోపలే షార్ట్ చేయగలదు. అందుకే ఫ్యాక్టరీల్లో పొడిని అయస్కాంతాల మధ్య నుంచి పదే పదే పంపిస్తారు, మిగిలిన లోహాన్ని వందకోట్లలో ఇన్ని వంతులు అని కొలుస్తారు. ఈ పనికి థీసిస్‌లో ఏ అధ్యాయమూ లేదు.

అసలు మనకి పునాది లేదా అంటే ఉంది. 1948లో అళగప్ప చెట్టియార్ 300 ఎకరాలూ, 15 లక్షల రూపాయలూ ఇస్తే కారైక్కుడిలో ఎలక్ట్రోకెమిస్ట్రీకే ప్రత్యేకంగా సీక్రీ అనే సంస్థ మొదలైంది. దాని చెన్నై విభాగం ఇక్కడే తరమణిలో లిథియం సెల్స్ కడుతుంది. హైదరాబాదులోని ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఎల్‌ఎఫ్‌పీ చేసే పద్ధతిని సొంతంగా తయారుచేసి ఆల్ట్‌మిన్ అనే హైదరాబాదు కంపెనీకే ఇచ్చింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా సెల్స్ ఫ్యాక్టరీ కడుతోంది. 2021లో కేంద్రం సెల్స్ తయారీకి 18,100 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది, 50 గిగావాట్ అవర్ల తయారీ సామర్థ్యం లక్ష్యంతో. సెల్ కట్టే ఫ్యాక్టరీలకి డబ్బు కనబడింది. లోపల పోసే పొడి ఎక్కడిది అన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చింది, పొడి దిగుమతి చేసుకుంటే మనం కట్టేది డబ్బా మాత్రమే.

ఎండ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మనం తప్ప ఇంకెవరూ మన కోసం చేయరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలన్నారు, చెన్నైలో దానికి ముందొచ్చే ఎండ రోజుల్ని అగ్ని నక్షత్రం అంటారు. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన స్కూటర్ సీటు కింద ఉన్న సెల్ బయటి గాలికంటే వేడిగా ఉంటుంది. పేపర్లలో సైక్లింగ్ అంతా 25 డిగ్రీల దగ్గర, లేదా "గది ఉష్ణోగ్రత" అని రాసి ఏసీ గదిలో. మాంగనీస్ స్పినెల్ అనే కాథోడ్ ఉంది, 1980ల మొదట్లో మైకేల్ థాకరే తెచ్చినది. చవక, కోబాల్ట్ అక్కర్లేదు, 25 డిగ్రీల దగ్గర బంగారం. 55 డిగ్రీల దగ్గర ఎలక్ట్రోలైటులోని ఉప్పు, రవ్వంత తేమతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టిస్తుంది, అది మాంగనీస్‌ని కరిగిస్తుంది, కరిగిన మాంగనీస్ వెళ్ళి ఆనోడ్‌ని పాడుచేస్తుంది. ప్రధానంగా ఈ కాథోడ్‌తోనే వచ్చిన మొదటి తరం నిస్సాన్ లీఫ్ కార్లు 2012లో అరిజోనా ఎండకి కెపాసిటీ పోగొట్టుకున్నాయి, తర్వాత కంపెనీ వేడిని తట్టుకునేలా సెల్ రసాయనాన్ని మార్చాల్సి వచ్చింది. అరిజోనాలో ఎండ ఉంది, తేమ లేదు. మనకి రెండూ ఉన్నాయి. నికెల్ ఎక్కువున్న ఎన్‌ఎంసీ 811 (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఇంకో కాథోడ్) పొడిని వానాకాలంలో ఇక్కడ కాసేపు మూత తీసి ఉంచితే, గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ తాకి దాని మీద క్షారాలు ఏర్పడతాయి, ఆ పొడితో చేసిన స్లరీ గిన్నెలోనే గడ్డకట్టి గరిటెకి అంటుకుపోతుంది. ఎలక్ట్రోడ్ పదార్థం మంచిదా కాదా అన్నది ఈ ఊరి గాలిని బట్టి కూడా మారుతుంది.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ దగ్గర స్కూటర్ బ్యాటరీ ప్యాకులు విప్పి సెల్స్ మార్చే ఒకాయన ఉన్నాడు, నాయుడుపేట మనిషి. గ్రాముకి ఎంత అన్నది ఆయనకి అనవసరం. "జూన్‌లో కుప్పలు కుప్పలుగా వస్తాయి సార్, డిసెంబర్లో ఈగలు తోలుకోవడమే" అన్నాడు. ఉబ్బిన సెల్స్‌ని ఒక పక్క, బతికున్నవాటిని ఒక పక్క పేర్చి, ఒక్కోదానికీ వోల్టేజి మార్కరుతో రాసి పెడతాడు. ఆయన బల్ల మీద ఉన్నంత సమాచారం, మన ఎండలో ఏ సెల్ ఎలా చస్తుందన్నదాని మీద, నేను చదివిన చాలా పేపర్లలో లేదు.

ఒంగోలు కుర్రాడు ఒకడు ఇక్కడే పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాడి కాథోడ్ బాగుంది. లిథియం బిళ్ళ బదులు గ్రాఫైట్ ఆనోడ్‌తో ఫుల్ సెల్ కట్టి 45 డిగ్రీల దగ్గర ఆరు నెలలు తిప్పుదామని నేనన్నాను. "అన్నా, ఆరు నెలలు తిప్పితే ఒక గ్రాఫ్ వస్తుంది, అది కూడా కిందికి వాలేది. ఆ టైములో ఇంకో రెండు కొత్త కాంపౌండ్లు చేస్తే రెండు పేపర్లు" అన్నాడు. వాడిని తప్పు పట్టలేను. నేను ల్యాబులో ఉన్నప్పుడు ఒక పాత పదార్థాన్నే అరకిలో చొప్పున వేర్వేరు బ్యాచ్‌లుగా చేసి, తేడాలు ఎందుకొచ్చాయో రాసి ఒక జర్నల్‌కి పంపితే, కొత్తదనం లేదని వెనక్కొచ్చింది. ఆ తేడాలే ఫ్యాక్టరీకి కావలసిన కొత్త విషయం. ఫెలోషిప్ నాలుగైదేళ్ళు, ఉద్యోగం పేపర్ల లెక్కన, పేపరు కొత్తదనం లెక్కన. ఈ టెన్షన్‌లో ఏ పిల్లవాడు కిలోల జోలికి వెళ్తాడు?

"అందరూ పాతదే పట్టుకుంటే కొత్తది ఎలా వస్తుంది?" అని ఐఐఎస్సీలో ఉన్న నా స్నేహితురాలు గట్టిగానే వాదించింది. 1997లో పాధి వాళ్ళు కొత్తది చేయకపోతే చైనావాళ్ళకి చేయడానికి ఏముండేది అంది. నిజమే. నేను కొత్తది వద్దనడం లేదు. వందమంది కొత్త పొడులు చేస్తుంటే, ఆ వందలో మంచి మూడిటిని పట్టుకుని పదేళ్ళు కూర్చునేవాళ్ళు కనీసం ఇరవైమంది ఉండాలంటున్నాను. వాళ్ళకీ డాక్టరేట్ రావాలి, వాళ్ళకీ ప్రొఫెసర్ ఉద్యోగం రావాలి. రెండు కిలోల పొడి చేయించుకోవాలంటే విద్యార్థి వెళ్ళి తలుపు తట్టగలిగే ఫర్నేస్ చెన్నైలో ఒకటి, బెంగళూరులో ఒకటి ఉండాలి.

సోడియం విషయంలోనైనా ఈ పని మొదటి నుంచీ చేసుకోవచ్చు, ఎందుకంటే అక్కడ ఇంకా ఎవరూ ఎల్‌ఎఫ్‌పీలో వెళ్ళినంత ముందుకి వెళ్ళిపోలేదు. ఉప్పు మనకి కావలసినంత ఉంది. సోడియం అల్యూమినియంతో కలవదు కాబట్టి ఆనోడ్ వైపు కూడా రాగి రేకు బదులు అల్యూమినియమే వాడొచ్చు, ఖర్చు తగ్గుతుంది. గ్రాఫైట్ అందులో సరిగ్గా పనిచేయదు, పొరలు గ్రాఫైట్‌లా వరసగా పేర్చి ఉండని హార్డ్ కార్బన్ కావాలి, దాన్ని కొబ్బరి చిప్పల నుంచి కూడా చేయొచ్చు. కోనసీమ నుంచి పొల్లాచ్చి దాకా చిప్పలకేం తక్కువ అనిపిస్తుంది. కానీ ఒక ఊరి చిప్పలో ఉండే పొటాషియం, సిలికా ఇంకో ఊరి చిప్పలో ఉన్నంతే ఉండవు. కడిగి, కాల్చి, ఏడాది పొడుగునా ఒకే రకం కార్బన్ తీయడం ఎలాగన్నది ఎవరో కూర్చుని తేల్చాలి. ఆ పని ఎవరైనా చేస్తుంటే నాకు జక్కూరు వార్త ఎంత సంతోషమో అదీ అంతే సంతోషం. బాబాయికీ అదే చెప్పాను.

చెన్నైలో గానీ బెంగళూరులో గానీ కొత్త కాథోడో ఆనోడో చేస్తున్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. మా దగ్గర 45 డిగ్రీల చాంబర్‌లో సెల్స్‌ని తిప్పే కొన్ని చానళ్ళు ఖాళీ అవుతున్నాయి, మా వాళ్ళని ఒప్పించాను. పూత చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీగ్రాములైనా ఉండాలి, ఎదురుగా లిథియం బిళ్ళ కాకుండా అసలైన ఆనోడ్ ఉండాలి, ఆరు నెలలు మధ్యలో ఆపమని అడక్కూడదు. ఒక్క బ్యాచ్ తెస్తే చాలదు, వేర్వేరు రోజుల్లో చేసినవి మూడు తీసుకురండి.